పచ్చి నాళ్ళా, పసి నాళ్ళా?

పాటలపెట్టె:
రెండు రోజులుగా ఒక్క అక్షరం నన్ను నిద్రపోనివ్వడం లేదు. యంగ్ మార్బుల్ జెయింట్స్ వాళ్ళ 'సలాడ్ డేస్' వింటున్నాను. 1980లో 'కొలాసల్ యూత్' అని ఒక్కటే ఆల్బమ్ చేసి, ఏడాది తిరిగేలోపు చెదిరిపోయిన కార్డిఫ్ బ్యాండ్. ఇది 2000లో వాళ్ళ పాత డెమోలు ఏరి వేసిన సంకలనం. పేరు చూడగానే డిగ్రీలో మా ఇంగ్లీషు మేడమ్ గుర్తొచ్చారు. షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాట్రా' మొదటి అంకం చివర, సీజర్ని ఒకప్పుడు మీరే పొగిడారు కదా అని చెలికత్తె ఆటపట్టిస్తే రాణి ఆ రోజుల్ని 'సలాడ్ డేస్' అంటూ ఇచ్చే జవాబుంది చూడండి, దాన్ని మేడమ్ అక్కడికక్కడ తెలుగు చేసి చెప్పారు. 'అవి నా ప... నాళ్ళు. బుద్ధి పచ్చిది, నెత్తురు చల్లనిది.' ఆ చుక్కల చోట 'చ్చి'నా, 'సి'నా? నోట్సులో రాసుకున్నాను కానీ చెదలు తినేశాయి.

తాటాకు:
'చ్చి' కానే కాదు. వెనకే 'బుద్ధి పచ్చిది' ఉండగా మేడమ్ గారు అదే మాట రెండుసార్లు వాడతారా? పైగా తెలుగులో పచ్చి పక్కన ఏవి చేరతాయో చూడండి. పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి బూతు. రాణిగారి చేత 'నా పచ్చి నాళ్ళు' అనిపిస్తే హాల్లో ఈలలు పడతాయి.

ముంజెకాయ:
పచ్చి పాలు, పచ్చి బాలింత కూడా ఉన్నాయండీ. మీకు బూతే ముందు గుర్తొచ్చింది.

తాటాకు:
సరే, మూలానికే పోదాం. పసి, పసరు, పసిమి, పసుపు, పచ్చ, పచ్చిక, అన్నీ ఒకే దుంప పిలకలు. కన్నడంలో హసి అంటే పచ్చి, హసిరు అంటే ఆకుపచ్చ, హసుళె అంటే పసిబిడ్డ. తమిళంలో 'పచ్చిళం కుళందై' అంటే పొత్తిళ్ళలో బిడ్డ. మనం పసితనం అన్నప్పుడే అందులో ఆకుపచ్చ వచ్చేసింది. సలాడ్ ఆకు వేరే వెయ్యనక్కర్లేదు.

అల్లంమురబ్బా:
మరి పసిగట్టడంలో ఉన్న పసి ఏ ఆకో?

తాటాకు:
అది వేరే పసి, వాసన. పసులకాపరిలోది ఇంకోటి.

అల్లంమురబ్బా:
కలిసొచ్చినవి ఒకే దుంప, కలిసిరానివి వేరే దుంప. బాగుంది.

రిటైర్డ్ మేష్టారు:
ఉన్న మాట వదిలేసి లేని మాట వెతుకుతున్నారు నాయనా. కాశీఖండం అవతారికలో శ్రీనాథుడు తన పుస్తకాల్ని ఏ వయసులో ఏది రాశాడో వరసగా చెప్పుకున్నాడు. 'చిన్నారి పొన్నారి చిఱుత కూకటి నాడు' మరుత్తరాట్చరిత్ర. 'నూనూగు మీసాల నూత్న యౌవనమున' శాలివాహన సప్తశతి. సలాడ్ డేస్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఆ 'చిఱుత కూకటి' అనగానే చిన్న పిలక ఊగుతూ కళ్ళముందు కనిపించదూ?

ముంజెకాయ:
మేష్టారూ, క్లియోపాట్రాకి నూనూగు మీసాలా?

రిటైర్డ్ మేష్టారు:
అందుకే నేను కూకటి దగ్గరే ఆగాను.

తాటాకు:
బండి 'ఱ' వేసినందుకు నమస్కారం. ఈ రోజుల్లో 'చిరుత కూకటి' అని రాసి, దాన్ని పులి అనుకునేవాళ్ళు ఉన్నారు.

పాటలపెట్టె:
మేష్టారూ, ఆ పద్యం చదివితే నాకు ఇంకో బాధ పట్టుకుంది. కూకటి నాటి పుస్తకం మనకు దొరకలేదు. సప్తశతి కూడా ఒకటీ అరా పద్యం తప్ప పోయింది. నిండు జవ్వనంలో, ఆ తర్వాత రాసినవే మిగిలాయి. ఈ బ్యాండుది సరిగ్గా తలకిందులు. రెండో ఆల్బమ్ లేదు, మొదటిదాని కింద చిత్తుప్రతి మాత్రం భద్రంగా ఉంది.

రిటైర్డ్ మేష్టారు:
సప్తశతి ఉండి ఉంటేనా! నైషధం సంస్కృతం బరువు మోస్తుంది కానీ, సప్తశతిలోని ప్రాకృత గాథల్ని ఆ కుర్రవాడి తెలుగులో చదవాలి. సరే, దాని గురించి మొదలుపెడితే నేను ఆగను.

టేపురికార్డరు:
ఇంత చర్చలో ఆ పాటలు విన్నవాళ్ళు ఎంతమంది? డ్రమ్మరు లేడు. చుట్టాలబ్బాయి ఇంట్లో కట్టిచ్చిన డ్రమ్ మెషీన్ వెనకాల టిక్కుటిక్కుమంటుంది. స్టూవర్ట్ మాక్సమ్ తీగల మీద అరచెయ్యి ఆనించి గిటార్ వాయిస్తాడు, మోత లేవదు, ముక్కలుగా తెగిపడుతుంది. తమ్ముడు ఫిలిప్ బేస్. ఆలిసన్ స్టాటన్ గిన్నెలు సర్దుకుంటూ తనలో తను పాడుకున్నట్టు పాడుతుంది. ఇందులో పసితనం ఎక్కడుంది? పసివాళ్ళు గోల చేస్తారు. ఇది పచ్చి. ఉడకబెట్టలేదు, తాలింపు వెయ్యలేదు. నాటకానికి మీ పసి ఉంచుకోండి, ఆల్బమ్‌కి మాత్రం పచ్చే.

డాలస్ గోంగూర:
మా ఆఫీసులో 'సలాడ్ డేస్' అంటే బాగా వెలిగిన రోజులు అనే అర్థంలో వాడతారు. ఆ లెక్కన 'పచ్చగా ఉన్న నాళ్ళు' కాదా? పచ్చగా ఉండు అని దీవిస్తాం కదా.

తాటాకు:
మీ పేరును బట్టి ఆకుల విషయంలో మీ మాటే చెల్లాలి కానీ, క్లియోపాట్రా అక్కడ చెప్పుకుంటున్నది వైభవం కాదు, బుద్ధిలేనితనం. 'పచ్చగా' అంటే ఆవిడ సీజర్ని ఇంకా మెచ్చుకుంటున్నట్టే.

అల్లంమురబ్బా:
అసలు సలాడ్‌లో ఆకే లేదు. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు, దాన్నుంచి వచ్చిన మాట. కాబట్టి 'ఉప్పూకారం ఎరగని నాళ్ళు'.

తాటాకు:
మాటలో ఉప్పు ఉందని చెప్పి, ఉప్పెరగని నాళ్ళు అంటారేంటండీ!

ముంజెకాయ:
'పచ్చడి నాళ్ళు' అనెయ్యండి. పచ్చీ ఉంది, ఉప్పూ ఉంది, గొడవ వదిలిపోతుంది.

పాటలపెట్టె:
ఇప్పుడే నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. మేడమ్ పచ్చీ అనలేదు, పసీ అనలేదట. 'కూరాకు నాళ్ళు' అన్నారట, క్లాసంతా నవ్విందట.

తాటాకు:
మరి మీకు వినపడ్డ 'ప' ఎక్కడిది?

పాటలపెట్టె:
అదే నాకూ అంతుపట్టడం లేదు.

రిటైర్డ్ మేష్టారు:
కూరాకు అన్నారా? ముందు ఆవిడది ఏ ఊరో కనుక్కోండి.