‘ఫోకస్’ని ‘కేంద్రం’ అని రాసేయొచ్చా?

పలకాబలపం:
సైన్సు వ్యాసాల్లో ఫోకస్ వచ్చిన ప్రతిచోటా ‘కేంద్రం’ అని పెట్టేస్తున్నారు. నా మటుకు అది తప్పు. కాదనేవాళ్ల వాదన వినాలని ఉంది.

దీర్ఘవృత్తాన్నే (ఎలిప్స్, కాస్త సాగదీసిన వృత్తం) తీసుకోండి. దానికి కేంద్రం ఒకటి, నాభులు (ఫోకస్‌కి లెక్కల పుస్తకాల్లో మాట నాభి) రెండు. భూమి కక్ష్య దీర్ఘవృత్తమే, సూర్యుడుండేది దాని ఒక నాభి దగ్గర. కెప్లర్ మొదటి నియమం చెప్పేది ఇదే. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దాదాపు 14.7 కోట్ల కి.మీ., జులై మొదట్లో 15.2 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుంది. ఆ తేడాలో సగం, అంటే సుమారు 25 లక్షల కి.మీ., కక్ష్య కేంద్రానికీ సూర్యుడికీ మధ్య ఎడం. సూర్యుడి వ్యాసార్థం చూస్తే 7 లక్షల కి.మీ. కూడా లేదు. అంటే కక్ష్య కేంద్రం సూర్యుడికి బయటెక్కడో పడుతుంది. ‘కక్ష్య కేంద్రంలో సూర్యుడు’ అని రాస్తే కెప్లర్ మొదటి నియమాన్ని కొట్టేసినట్టే.

రాత్రిడెస్క్:
లెక్కల పుస్తకంలో మీ మాటే సరి. పేపరు చదివే మనిషికి మాత్రం నాభి అంటే బొడ్డు. ‘భూకంప నాభి’ అని హెడ్డింగ్ పెట్టి చూడండి, ఫోన్లు మోగుతాయి. ‘భూకంప కేంద్రం’ అందరికీ తెలిసిన మాట. దాంతో ఎవరికి ఏం నష్టం?

పలకాబలపం:
నష్టం అక్కడే ఉందండీ. 2024 డిసెంబర్ 4న ములుగు భూకంపానికి 5.3 మాగ్నిట్యూడ్, 40 కి.మీ. లోతు అని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ప్రకటించింది. ఇలాంటి వార్తలో ‘కేంద్రం ములుగు’ అని ఒక వాక్యం, ‘కేంద్రం 40 కి.మీ. లోతున’ అని ఇంకో వాక్యం రాస్తే అవి రెండు వేర్వేరు చోట్లని ఎవరికి తెలుస్తుంది? లోపల శిల చీలడం మొదలైన చోటు నాభి, దానికి నిట్టనిలువుగా నేల మీదుండే చోటు అధికేంద్రం. అధికేంద్రానికి 30 కి.మీ. దూరంలో ఉన్న ఊరు, నాభి 40 కి.మీ. లోతున ఉంటే, దానికి 50 కి.మీ. దూరంలో ఉన్నట్టు. ఊరికి ఎంత కుదుపు తగులుతుందన్నది చాలావరకు ఈ రెండో దూరాన్ని బట్టే ఉంటుంది. ఆ తర్వాత కింద మట్టి ఎలాంటిదన్నది. నాభి 70 కి.మీ. లోపుంటే తక్కువ లోతు భూకంపం, 300 దాటితే లోతైనది. ఈ వర్గీకరణంతా నాభిని బట్టే, అధికేంద్రంతో దానికి పని లేదు.

కటకం:
నాభి పక్షం వాళ్లకీ ఒక చురక. కెమెరా ఫోకస్‌ని నాభి అన్నా తప్పే.

10 సెం.మీ. నాభ్యంతరం (కటకం నుంచి నాభికి ఉండే దూరం, ఫోకల్ లెంగ్త్) ఉన్న కుంభాకార కటకాన్ని (మధ్యలో ఉబ్బుగా ఉండే లెన్సు) ఎండలో పట్టండి. 10 సెం.మీ. దగ్గర చుక్క పడి కాగితం కాలుతుంది. అది నాభి. ఇప్పుడు అదే కటకం ముందు 30 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి పెడితే బొమ్మ స్పష్టంగా పడేది 15 సెం.మీ. దగ్గర. తెరని నాభి దగ్గరే ఉంచితే అంతా మసక. ఫోటోగ్రాఫర్ ‘ఫోకస్ అయింది’ అన్నాడంటే బొమ్మ పడే చోటికి సెన్సర్ వచ్చిందని అర్థం, నాభి దగ్గరికి వచ్చిందని కాదు. చాలా దూరపు వస్తువులకే ఆ రెండూ కలుస్తాయి. అందుకని ఫోకల్ లెంగ్త్‌ని నాభ్యంతరం అనండి, ‘ఫోకస్ పోయింది’ని ముట్టుకోకండి.

‘డెప్త్ ఆఫ్ ఫోకస్’ అని చాలామంది రాసేది నిజానికి డెప్త్ ఆఫ్ ఫీల్డ్. రెండూ ఎంత మేర జరిగినా బొమ్మ స్పష్టంగానే ఉంటుందో చెప్పేవే. కాకపోతే ఫీల్డ్ అనేది లెన్సు ముందు, వస్తువు వైపు లెక్క. ఫోకస్ అనేది లెన్సు వెనక, సెన్సర్ వైపు లెక్క. రెంటికీ ‘లోతు’ అని ఒకే మాట పెడితే ఎటు వైపో తెలియదు.

ఇంగ్లిష్‌మాస్టారు:
మామూలు వాడుకని మర్చిపోయారు. ‘రైతు సమస్యలపై కేంద్రం దృష్టి కేంద్రీకరించింది’ అని రాసేవాళ్లున్నారు, ఢిల్లీ ఒకసారి, ఫోకస్ ఒకసారి! ‘దృష్టి పెట్టింది’ అంటే సరిపోదా? పిల్లాడికైతే ‘చదువు మీద ధ్యాస పెట్టు’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘ఫోకస్డ్’ రాసేటప్పుడు ‘ఎస్’ ఒకటే చాలు. ఊనిక (పలికేటప్పుడు నొక్కు) మొదటి అక్షరం మీద పడుతుంది కాబట్టి రెట్టించనక్కర్లేదు. బ్రిటిష్ పద్ధతిలో రెండు ‘ఎస్’లున్నా తప్పు పట్టరు.

రాత్రిడెస్క్:
దీర్ఘవృత్తం ఒప్పుకుంటున్నా, కెమెరా కూడా. భూకంపం దగ్గర మాత్రం ఒప్పుకోను. ‘అధికేంద్రం’ అంటే అధికార కేంద్రమా అని అడుగుతారు. హెడ్డింగ్‌లో ‘భూకంప కేంద్రం ములుగు’ అనే ఉంటుంది.

పలకాబలపం:
హెడ్డింగ్ మీ ఇష్టం. కింద వార్తలో ‘ములుగు ప్రాంతంలో, నేలకు 40 కి.మీ. లోతున మొదలైంది’ అని రాయండి. అక్కడ నాభీ వద్దు, కేంద్రమూ వద్దు.