మానసిక వార్డులో ఉన్నవాళ్లకు ఫోన్ ఇవ్వాలా, వద్దా?

మధురవాడ అక్క:
పోయిన ఏడాది మా తమ్ముణ్ని వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో 19 రోజులు ఉంచాం. బైపోలార్, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు. చేర్చిన గంటలోనే ఫోన్, వాచీ, బెల్టు సంచిలో వేసి నా చేతికిచ్చారు. వాళ్లిచ్చిన పైజామాకు నాడా లేదు. ఉరి వేసుకుంటారనే భయంతో తీసేస్తారట, ఆ భయం నాకూ ఉంది. కానీ నాలుగో రోజు చూడ్డానికి వెళ్తే వాడు ఎడమ చేత్తో పైజామా పట్టుకుని ఎదురొచ్చాడు. ఆ చెయ్యి తియ్యకుండానే నేను తెచ్చిన ఇడ్లీ తిన్నాడు. 29 ఏళ్లవాడు. ఇంటికొచ్చాక, "మందులకు తట్టుకున్నానక్కా, టైమెంతయిందో తెలీక నరకం చూశాను" అన్నాడు. వార్డులో గోడ గడియారం ఆగిపోయి ఉందట. ఫోన్ ఇమ్మని నేను అడిగితే రూల్స్ ఒప్పుకోవన్నారు. రోజుకు అరగంట ఇస్తే ఏం పోయేది? అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
చదివి చాలా బాధేసిందక్కా. 11 ఏళ్లుగా ఈ వార్డుల్లోనే నర్సుని, అయినా ఫోన్ వద్దనే అంటాను. మేనియాలో, అంటే ఆ పట్టలేని హుషారు దశలో ఉన్న ఒకాయన రాత్రి బాత్రూమ్‌లో కూర్చుని, కూతురి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు ఎవరెవరికో పంపేశాడు. తేరుకున్నాక ఆయన ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. ఇంకోసారి ఎవరో పక్క బెడ్ కుర్రాణ్ని వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. చుట్టాలకు కూడా తెలియకూడదని దాచుకున్న ఇల్లు వాళ్లది. ఒకరి చేతిలో ఫోన్ ఉంటే మిగతావాళ్ల గుట్టు ఎవరు కాపాడాలి? ఛార్జర్ వైరు సంగతి సరేసరి.

డాబాగార్డెన్స్ లాయర్:
రూల్స్ ఒప్పుకోవనడం తప్పు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 26వ సెక్షన్ చూడండి. ఆసుపత్రి నియమాలకు లోబడి, తగిన వేళల్లో ఫోన్ చేసుకునే హక్కు, వచ్చిన ఫోన్ మాట్లాడే హక్కు పేషెంటుకు ఉంది. వద్దనుకునే హక్కు కూడా ఉంది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరినైనా రాసిస్తే, వాళ్లతో, లాయరుతో మాట్లాడటాన్ని ఆపడానికి వీల్లేదు. 20వ సెక్షన్ ప్రకారం సొంత బట్టలు వేసుకోవచ్చు, యూనిఫాం బలవంతం చెయ్యకూడదు. రోజంతా ఫోన్ దగ్గరే ఉంచుకోవచ్చని మాత్రం చట్టంలో లేదు, సిస్టర్ గారి భయానికి అక్కడ చోటుంది.

పలాస తమ్ముడు:
నేను రెండుసార్లు అలాంటి వార్డులో ఉన్నాను కాబట్టి రాస్తున్నా. మొదటి వారం ఫోన్ ఇచ్చినా విసిరికొట్టేవాణ్ని. ఎవరి గొంతూ వినాలని లేదు. పదిహేనో రోజుకు మా అమ్మ గొంతు తప్ప ఇంకేమీ వద్దనిపించింది. మొదటి రోజు తీసుకున్న ఫోన్ గురించి తరవాత ఒక్కసారైనా ఎవరూ అడగలేదు. నాకు ఏ మాత్ర ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో, ఇంటికి ఎప్పుడు పంపుతారో కూడా చెప్పలేదు. డాక్టరు గారు వస్తే మా అన్నతోనే మాట్లాడేవారు, నేను ఆ పక్కనే కూర్చుని ఉండేవాణ్ని.

మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. వైజాగ్ రావాలంటే రైలు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయి. 24 రోజుల్లో రెండుసార్లు వచ్చింది. మన వైపు ఇది ఒక్కరి గొడవ కాదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది, ఇచ్ఛాపురం నుంచీ పాడేరు నుంచీ కూడా అక్కడికే వస్తారు. అంత దూరం ఉన్నవాళ్లకు చూసిపోవడం అంటే ఫోనే. ఒక రాత్రి డ్యూటీ సిస్టర్ తన సొంత ఫోన్ ఇచ్చి రెండు నిమిషాలు మాట్లాడించింది. "ఏటి తిన్నావు బాబూ" అంది అమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

నైట్ డ్యూటీ సిస్టర్:
తమ్ముడూ, నేనూ అలా ఇచ్చాను, భయపడుతూనే. ఏదైనా అయితే నా ఉద్యోగం పోతుంది. వార్డు ఫోన్ ఒకటి కౌంటర్ దగ్గర పెట్టి సాయంత్రం మాట్లాడిస్తే నేను కాదనను. కానీ 30 మందికి రాత్రి ఇద్దరమే ఉంటే పక్కన ఎవరు నిలబడతారు? మనుషుల్ని పెంచకుండా హక్కులన్నీ మా నెత్తిన పెడితే మేమూ తలుపు వేసుకోవడమే నేర్చుకుంటాం.

మధురవాడ అక్క:
సిస్టర్, మీ కష్టం కాదనను. కానీ నాడా బదులు ఎలాస్టిక్ వెయ్యడానికీ, గడియారంలో సెల్ మార్చడానికీ ఎంతమంది స్టాఫ్ కావాలి?

నైట్ డ్యూటీ సిస్టర్:
దానికి నా దగ్గర జవాబు లేదక్కా. మా వార్డు పైజామాలకూ నాడాలు తీసేస్తాం, పేషెంట్లు చేత్తో పట్టుకుని నడవడం రోజూ చూస్తూనే ఉన్నాను. సోమవారం ఇన్‌ఛార్జి మేడమ్‌ని ఎలాస్టిక్ అడుగుతాను. ఎవరి చేతి ఫోన్ వాళ్ల దగ్గరే ఉంచడానికి మాత్రం నేనింకా ఒప్పుకోను.