కాలికి తగిలితే కిక్ బాలేనా?

బేస్‌లైన్
బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో గార్డ్ వేసిన బౌన్స్ పాస్ (నేలకి కొట్టి ఇచ్చేది), పక్కకి స్లైడ్ అవుతున్న డిఫెండర్ పిక్కకి తగిలి ఆగింది. రిఫరీ కిక్ బాల్ (బంతిని కాలితో తన్నిన తప్పు) ఇచ్చాడు, షాట్ క్లాక్, అంటే అటాక్ జట్టు షాట్ వేయడానికి మిగిలిన సెకన్లు, 6 నుంచి 14కి వెళ్లింది. ఇది తప్పు నిర్ణయం అంటాను. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల 13వ ఆర్టికల్ ప్రకారం కావాలని తన్నినా, కాలితో అడ్డుకున్నా వయొలేషన్ (ఫౌల్ కాని నియమ ఉల్లంఘన). అనుకోకుండా తగిలితే కాదు.

జోన్ 2-3
పాస్ ఆగింది, డిఫెన్స్‌కి లాభం వచ్చింది కదా బ్రో. వదిలేస్తే అందరూ కాళ్లు చాపుకుని నిలబడతారు.

పాత విజిల్
లాభం సంగతి ఆ ఆర్టికల్‌లో లేదండీ. చూడాల్సింది పాస్ చేతిలోంచి వదిలాక కాలు ఏం చేసిందని. స్లైడ్‌లో అడుగు డ్రిబ్లర్ వెళ్లే వైపు పడుతుంది. అదే అడుగు మధ్యలో మళ్లి బంతి దారిలోకి వస్తే, మోకాలు లోపలికి మూసుకుంటే, పాదం లేస్తే కావాలని చేసినట్టే. మీటరు లోపు నుంచి కొట్టిన పాస్‌కి అంత స్పందించే టైమే ఉండదు. చాలామంది రిఫరీలు బంతి వెంటే చూస్తారు, ‘టప్’ మనగానే ఊదేస్తారు. ఆ క్షణానికి కాలు ఎక్కడుందో వాళ్లకి తెలియదు.

ఊదకపోతే ఏమవుతుందంటే: బంతి బయటికి పోతే త్రో-ఇన్ అటాక్ జట్టుకే, కానీ ఆ 6 సెకన్లతోనే. లోపలే ఉంటే క్లాక్ నడుస్తూనే ఉంటుంది. బ్యాక్‌కోర్ట్‌లోకి (అటాక్ జట్టు సొంత సగంలోకి) దొర్లినా అటాక్ జట్టు తీసుకోవచ్చు, చివర తాకింది డిఫెండరే కాబట్టి. నిజంగా కిక్ అయి, త్రో-ఇన్ ఫ్రంట్‌కోర్ట్‌లో (ఎదుటి సగంలో) అయితే 14 లేదా ఎక్కువ మిగిలితే అంతే ఉంచాలి, 13 లేదా తక్కువైతే 14 చేయాలి. బ్యాక్‌కోర్ట్‌లో అయితే 24.

బేస్‌లైన్
ఊరికే ఇచ్చేసిన ఆ 8 సెకన్ల గురించే నా గొడవ.

జోన్ 2-3
మరి పాస్‌కి ముందే కాలు లేన్‌లో, అంటే పాస్ వెళ్లే దారిలో, చాపి పెడితే? తర్వాత కదలలేదు కాబట్టి అమాయకుడా?

పాత విజిల్
మామూలు వెడల్పు స్టాన్స్ అయితే తప్పులేదు. లేన్ మూయడానికే చాపితే నేనూ ఊదుతాను. డ్రిబ్లర్ ఆ కాలికి తట్టుకుని పడితే మాత్రం వయొలేషన్ కాదు, ఫౌల్. అది సిలిండర్ (ఆటగాడి చుట్టూ అతనికి దక్కే ఊహా స్థలం) లెక్క, 33వ ఆర్టికల్.

లో పోస్ట్
పొసెషన్ యారో (జంప్ బాల్ సందర్భాల్లో బంతి ఏ జట్టుదో వంతులవారీగా చూపే బాణం) ప్రకారం ఇచ్చిన త్రో-ఇన్‌ని డిఫెండర్ తంతే యారో తిప్పేస్తున్నారు, అది ఇంకా ఘోరం. బంతిని ఎవరూ చట్టబద్ధంగా తాకలేదు కాబట్టి ఆ త్రో-ఇన్ ముగియలేదు. మళ్లీ వాళ్లకే త్రో-ఇన్, యారో కూడా వాళ్ల వైపే.

జోన్ 2-3
యారో విషయం ఒప్పుకుంటా. చాపిన కాలు కదలకపోయినా కిక్ బాలే అంటాను, అది మాత్రం మార్చుకోను.