‘బిళ్ళ’ అందామా, ‘కణుపు’ అందామా?

బాబాయికి ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. ఇక్కడ విశాఖలోనే డాక్టరు గారు స్కాన్ చూసి, "లింఫ్ నోడ్స్‌కి పాకిందేమో చూడాలి" అన్నారు. అంటే ఒంట్లో అక్కడక్కడా ఉండి, శోషరసం (లింఫ్) అనే ద్రవాన్ని వడకట్టే చిన్న ముడులు. పెదవాల్తేరులో ఇంటికొచ్చాక పిన్నికి చెప్పబోయి ఇరుక్కుపోయాను. "శోషరస గ్రంథులు" అంటే నా మొహం చూసింది. "బిళ్ళలు పిన్నీ" అన్నాను. వెంటనే బాబాయి మెడ, చంకలు తడిమేసి, "ఎక్కడా బిళ్ళ కట్టనేదు కదరా, మరి భయమేటి?" అంది.

తప్పు నా మాటదే. మనకు బిళ్ళ ‘కడుతుంది’. కాలికి పుండు పడితే గజ్జల్లో కట్టి, పుండు మానాక కరుగుతుంది. వాచినప్పుడే దానికి పేరు, వాచకపోతే అది లేనట్టే. ఇక్కడేమో చూడాల్సినవి ఛాతీ లోపల, వేలికి అందని చోట ఉన్నాయి. వాపు ఒక్కటే చాలదు కూడా. సీటీ స్కాన్‌లో బిళ్ళ పొట్టి వైపు కొలత 1 సెం.మీ. దాటితే అనుమానిస్తారు కానీ, అంతకన్నా చిన్నదాంట్లోనూ క్యాన్సర్ ఉండొచ్చు, పెద్దది టీబీ వల్ల వాచిందే కావచ్చు. అందుకే అసలు గడ్డ తీరు కూడా చూసి అంచనా కడతారు: ఎంత పెద్దది, ఊపిరితిత్తి నడిమికి దగ్గరా, అంచునా, గట్టిదా, స్కాన్‌లో మసక అద్దంలా ఉందా. పూర్తిగా మసకదైతే పాకడం అరుదు. ఎంత లెక్క కట్టినా, తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ).

మరి వాచని బిళ్ళని ఏమనాలి?

జవాబు (అనకాపల్లి నుంచి): ‘గ్రంథి’ అసలు అర్థం ముడి. లాటిన్‌లో నోడ్‌కి మూలమైన మాటకీ ముడి అనే అర్థం. అంటే మాటకు మాట సరిపోయింది! కానీ మనం లాలాజల గ్రంథి, చెమట గ్రంథి అని రసం ఊరే వాటికి వాడేసుకున్నాం. ఇదేమో శోషరసాన్ని వడకడుతుంది. ఇంగ్లీషువాళ్ళూ ఒకప్పుడు గ్లాండ్ అనే అన్నారు లెండి. నా ఓటు ‘కణుపు’కి. చెరకు మా ఊరిదని కాదు.

జవాబు: కణుపు పుస్తకంలో బాగుంటుందండీ. ఆసుపత్రిలో చెబితే చెరకు గడే గుర్తొస్తుంది. ‘పాకడం’ మాత్రం మార్చకండి, ‘వ్యాప్తి’ కన్నా వెయ్యి రెట్లు నయం.

మళ్ళీ నేను: "లోపలి బిళ్ళలు పిన్నీ, కట్టకపోయినా చూడాలి" అన్నాను. అర్థమైంది. వచ్చే వారం ఈబస్ అనే పరీక్ష ఉంది, నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం పంపి ఆ బిళ్ళల్లోంచి సూదితో ముక్క తీస్తారట. దానికి తెలుగు మాత్రం నన్నడక్కండి.