సిమెంట్ ఫ్యాక్టరీల పాత ప్రజాభిప్రాయ సేకరణ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కార్బన్ మార్కెట్ వల్ల ఫ్యాక్టరీల పక్క ఊళ్లకు ఏం ఒరుగుతుందన్నది నా అంశం.

2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్‌లో సిమెంట్ రంగం కూడా ఉంది. లక్ష్యం టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారం అన్న లెక్కలో ఉంటుంది. అంటే ఉత్పత్తి పెరిగితే మొత్తం ఉద్గారాలూ పెరగొచ్చు. లక్ష్యం కంటే ఎక్కువ తగ్గించిన కంపెనీకి క్రెడిట్లు వస్తాయి, లక్ష్యం అందుకోలేని కంపెనీ వాటిని కొనుక్కోవచ్చు. క్రెడిట్ ఎక్కడి నుంచైనా వస్తుంది, దుమ్ము మాత్రం ఆ ఊళ్లోనే పడుతుంది కదా! కాలిఫోర్నియాలో ఇదే గొడవ జరిగి, 2017లో స్థానిక గాలి కాలుష్యం కోసం విడిగా చట్టం తెచ్చారు. మన దగ్గర ఆ చర్చే పెద్దగా వినపడదు.

హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు జనం పబ్లిక్ హియరింగ్‌లలో ఏం మాట్లాడారో చదవాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం వాటిని వీడియో తీయాలి, మినిట్స్ స్థానిక భాషలోనూ ఉండాలి. ఈ ఊళ్లు ఉన్న సూర్యాపేట జిల్లా 2016లో ఏర్పడింది. అంతకుముందువి నల్గొండ కలెక్టరేట్‌లో అడగాలా, సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలిలోనా? ఆర్‌టీఐ వేసి వీడియోలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? దరఖాస్తులో ఏమని రాశారు?

ఆ ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే మాట్లాడటానికి నేనే వస్తాను. పేర్లు బయటపెట్టను.