ఒరాకిల్ నుండి పోస్ట్‌గ్రెస్‌కు డేటా: వేగం లేదు, కనెక్షన్ నిలవదు

ప్రశ్న: మా ఒరాకిల్ డేటాబేస్ నుండి వేరే నగరంలోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి, అక్కడి లినక్స్ సర్వర్‌పై నడిచే జావా ప్రోగ్రామ్ ద్వారా, ప్రతి రాత్రి పది లక్షల వరుసలు తరలిస్తున్నాము. లైన్ దాదాపు ఖాళీగానే ఉన్నా పనికి గంటకు పైగా పడుతోంది. పెద్ద క్వెరీలు (డేటా అడిగే ఆదేశాలు) నడిచేటప్పుడు కనెక్షన్ తెగిపోతోంది కూడా. లోపం ఎక్కడ వెతకాలి?

జవాబు 1: లైన్ సామర్థ్యాన్ని కాదు, రానుపోను జాప్యాన్ని (ఒక అభ్యర్థన వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని) కొలవండి. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే భాగం) మనం మార్చనంతవరకు ఒక్కో విడతకు 10 వరుసలే తెస్తుంది కనుక, పది లక్షల వరుసలకు లక్ష విడతలు అవసరమవుతాయి. జాప్యం 40 మిల్లీసెకన్లు అనుకుంటే నిరీక్షణకే 4,000 సెకన్లు ఖర్చవుతాయి. ఫెచ్ సైజును (ఒక్కో విడతకు తెచ్చే వరుసల సంఖ్యను) 1,000కి పెంచితే ఆ నిరీక్షణ 40 సెకన్లకు దిగుతుంది. ఇంకా పెంచితే ఆదా అయ్యే సమయం స్వల్పం, మెమరీ భారం మాత్రం పెరుగుతుంది.

జవాబు 2: తెగిపోవడానికి కారణం బహుశా మధ్యలోని ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే రక్షణ వ్యవస్థ). క్వెరీ ఫలితం సిద్ధమయ్యేలోగా ప్యాకెట్లేవీ కదలకపోతే అది ఆ కనెక్షన్‌ను మరచిపోతుంది. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (ఖాళీగా ఉన్న కనెక్షన్ బతికే ఉందా అని చిన్న ప్యాకెట్లతో అడిగే ఏర్పాటు) మొదలయ్యేది 7,200 సెకన్ల తర్వాత, అదీ ప్రోగ్రామ్ కోరితేనే. ఆ వ్యవధిని ఫైర్‌వాల్ గడువు కన్నా తగ్గించండి.

జవాబు 3: రాసే వైపునూ చూడండి. పోస్ట్‌గ్రెస్‌లోకి ఒక్కో వరుసను చేర్చే ఇన్సర్ట్ ఆదేశాలతో కాకుండా, వరుసలను మూకుమ్మడిగా చేర్చే కాపీ ఆదేశంతో ఎక్కించడమే మేలు.