లాక్‌వైర్ ప్రాక్టికల్: రెండో బోల్ట్ దగ్గర వైరు వదులవుతోంది, ఎక్కడ తప్పు?

ట్రైనీ 032:
విమాన మెయింటెనెన్స్ మెకానిక్ సర్టిఫికెట్ కోసం శిక్షణలో ఉన్నాను. లాక్‌వైర్ (బోల్టులు ఊడకుండా వాటి తలలకు కట్టే వైరు) ప్రాక్టికల్ దగ్గరపడింది. ప్లేటు మీద పక్కపక్కనే రెండు బోల్టులు, తలలకు రంధ్రాలు, కుడి మర (గడియారం దిశలో బిగిసేది), 0.032 అంగుళాల స్టీల్ వైరు, డబుల్ ట్విస్ట్ (రెండు పోగులు కలిపి మెలేయడం). మొదటి బోల్ట్ బాగానే వస్తోంది. రెండోదాన్లో దూర్చి మెలేసేసరికి మధ్య భాగం ఊగుతోంది, చుట్టు బోల్ట్ తల మీదికి ఎక్కేస్తోంది. ఇంకా గట్టిగా మెలేస్తే వైరు తెగుతోంది. ఇంకో సంగతి, టార్క్ (బోల్ట్‌ను బిగించే తిప్పుడు బలం) పెట్టాక రంధ్రం అనువైన వైపు రావడం లేదు. బోల్ట్‌ను కాస్త వెనక్కి తిప్పి సర్దుకోవచ్చా?

స్పానర్:
ముందు చివరి ప్రశ్న. వెనక్కి తిప్పకూడదండీ. లాక్‌వైర్ ఉన్న బిగింపును కాపాడుతుంది, లేని బిగింపును తేలేదు. మాన్యువల్‌లో టార్క్‌కు కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇస్తే కనిష్ఠం దగ్గర ఆగి రంధ్రం చూడండి. అక్కడి నుంచి గరిష్ఠం దాటకుండా ముందుకే తిప్పండి. కుదరకపోతే బోల్ట్ తీసి వాషర్ మార్చండి, లేదా అదే పార్ట్ నంబర్ బోల్ట్ ఇంకొకటి వేయండి. మర ఎక్కడ మొదలైంది, రంధ్రం ఎక్కడ పడింది అన్నది ఒక్కో బోల్ట్‌కు ఒక్కోలా ఉంటుంది, అందుకే బోల్ట్ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇక వదులు సంగతి. మెలిక ఎక్కడ ఆగిందో చూడండి. రెండో బోల్ట్ రంధ్రానికి సుమారు 1/8 అంగుళం ఇవతల ఆగాలి. అంతకంటే ముందే ఆగితే మెలిక లేని ఆ రెండు పోగులే సాగి ఊగుతాయి. రంధ్రం దాటిపోతే మెలిక విప్పాలి, విప్పిన వైరు మళ్లీ పనికిరాదు. తర్వాత ఒక పోగు రంధ్రంలోంచి, రెండోది తల చుట్టూ. రంధ్రంలోంచి వచ్చిన పోగును ప్లయర్స్‌తో నేరుగా లాగి, బిగుతు వచ్చిందని చూసుకున్నాకే మెలేయండి. లాగి తేవాల్సిన బిగుతును మెలేసి తేవాలని చూస్తే తెగుతుంది: స్టీలు మెలిపడేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. అంగుళానికి 6 నుంచి 8 మెలికలు చాలు, స్కేలు పెట్టి లెక్కపెట్టండి. తెగిన చోట ప్లయర్స్ పళ్ల గాటు ఉందేమో కూడా చూడండి.

చుట్టు పైకెక్కుతుంటే చివరి మెలిక దిశ మార్చండి. మధ్య భాగం గడియారం దిశలో వేసి ఉంటే చివరిది దానికి ఎదురుగా. చుట్టు కిందికి దిగి తలను పట్టుకుని కూర్చుంటుంది.

హ్యాంగర్ లైట్:
స్పానర్ గారు చెప్పినదానికి ఒక పరీక్ష కలుపుతాను. కట్టేశాక ఒక్కో బోల్ట్ ఊడే వైపు తిరుగుతున్నట్టు ఊహించుకోండి. వైరు ఇంకా బిగియాలి. వదులైతే ఎంత అందంగా ఉన్నా విప్పి కట్టాల్సిందే. అలవాటుగా కడుతూ ఎడమ మర వచ్చిన చోట పప్పులో కాలేసేవాళ్లు ఎక్కువ.

టార్క్ రెంచికి ముందు క్రోఫుట్ లాంటి ఎక్స్‌టెన్షన్ తగిలించారా? తగిలిస్తే అంకె మారుతుంది. కావలసిన టార్క్‌ను రెంచి పొడవుతో గుణించి, రెంచి, ఎక్స్‌టెన్షన్ కలిపిన పొడవుతో భాగించాలి. కావలసింది 100 ఇంచ్-పౌండ్లు, రెంచి 10 అంగుళాలు, ఎక్స్‌టెన్షన్ 2.5 అంగుళాలు అనుకోండి: 1000 భాగం 12.5, అంటే రెంచిని 80 దగ్గర పెట్టాలి. 100 దగ్గరే వదిలేస్తే బోల్ట్ మీద పడేది 125. రెంచి పొడవు డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొన) మధ్య నుంచి చెయ్యి పట్టే చోటు మధ్య దాకా కొలవాలి. ఎక్స్‌టెన్షన్‌ను రెంచికి 90 డిగ్రీల్లో పెడితే ఈ సవరణ అక్కర్లేదు.

ట్రైనీ 032:
చాలా థ్యాంక్సండీ. చివరి మెలిక దిశ సంగతి అసలు తట్టలేదు. ఒకే వైరుతో ఎన్ని బోల్టులు కట్టొచ్చు?

స్పానర్:
4 నుంచి 6 అంగుళాల ఎడంలో ఉన్న బోల్టులకు డబుల్ ట్విస్ట్ అయితే ఒక వరుసలో 3 దాటకూడదు. అంతకంటే దూరంగా ఉన్నవాటిని ఒకదానికొకటి కట్టనే కట్టొద్దు, పక్కనే ఉన్న భాగానికి కట్టండి.

పిగ్‌టెయిల్ (చివర మిగిలే మెలేసిన తోక) పావు నుంచి అర అంగుళం ఉంచి, కొనను లోపలికి వంచండి. వంచకపోతే తర్వాత అక్కడ చెయ్యి పెట్టినవాళ్ల వేళ్లు చీరుకుపోతాయి. కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, ఊడే ముక్కను రెండో చేత్తో పట్టుకోండి. ఎగిరిపోయిన ముక్క దొరికేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు.

హ్యాంగర్ లైట్:
మౌఖిక పరీక్షకు ఇదొకటి గుర్తుంచుకోండి. ఎమర్జెన్సీ ఎగ్జిట్ హ్యాండిళ్లు, మంటలార్పే సిలిండర్ల స్విచ్‌ల వంటి వాటికి 0.020 అంగుళాల మెత్తని రాగి వైరు, అదీ ఒంటి పోగు. అవసరం పడ్డప్పుడు చేత్తో లాగితే తెగాలి. ఆ చోట స్టీలు వైరు కడితే హ్యాండిల్ కదలదు.